చిరునవ్వెరుగని హాస్యచక్రవర్తి

నటుడుగా, రచయితగా, దర్శకుడుగా మూకీయుగమును వెలిగించి, చీకటిలో పడి, మరల వెలుగులోనికి వచ్చిన బస్టర్ కీటన్ కథ

హాస్యరసమును గూర్చి భరతముని చేసిన విభాగములలో ఆత్మస్థము, పరస్థము అనునది యొకటి. తాను నవ్వుట ఆత్మస్థము; ఇతరులను నవ్వించుట పరస్థము. లోకమున హాస్యనటులనేకులు ఈ రెంటిని కలిపి, తామొక నవ్వు నవ్వి, ఆ నవ్వునే ప్రేక్షకులకు అంటించి కార్యము సాధింతురు. అది దోషము గాదు; మన రంగస్థలముమీదను, మన తెరమీదను ఎందరో మహానుభావులు ఆ మార్గముననే జనులకు ఆనందమును పంచిపెట్టిరి. కాని మొదటి మార్గమును బొత్తిగా విసర్జించి, రెండవదానిని మాత్రమే వ్రతముగా స్వీకరించి, తన చిత్రములలో ఎంతటి ఆపద మీదబడినను, ఎంతటి అదృష్టము వరించినను పెదవి కదలనీయక, చూచువారిని కడుపుబ్బ నవ్వించిన మహానటుడొకడు అమెరికాలో ఉండెను. ఆయన పేరు బస్టర్ కీటన్.

చార్లీ చాప్లిన్ టోపీని, చేతికర్రను గుర్తింపని తెలుగువాడు అరుదు. ఆయనకు సమకాలికుడై, ఆయనకు సాటియని విమర్శకులచే అంగీకరింపబడిన కీటన్ మాత్రము మనకంతగా పరిచితుడు గాడు. ఈ కొరత తీరవలసినది. ఏలయన, ఆయన జీవితమును పరిశీలించినవారికి కళను గూర్చిన సత్యమొకటి కన్నులకు కట్టినట్లు కనబడును. ఘట్టమును దేహముతో ఊహించుట ఆయన రచన. ఆ ఊహను ప్రాణములొడ్డి నెరవేర్చుట ఆయన నటన. నెరవేరినదానిని వంచన లేకుండ కెమెరాకు అప్పగించుట ఆయన దర్శకత్వము. ఒకే పనికి ఇవి మూడు పేర్లు. ఈ మూడును ఒక్క చేతిలో ఉన్నంతకాలము ఆ చిత్రములు అజరామరములై పుట్టినవి. ఆ చేతినుండి రెంటిని లాగివేసిననాడు మిగిలిన మూడవదియు వాడిపోయినది.

పిడి కుట్టిన కోటు

1895వ సంవత్సరము అక్టోబరు 4వ తేదీన, కాన్సస్ రాష్ట్రమందలి పిక్వా అను కుగ్రామమున జోసెఫ్ ఫ్రాంక్ కీటన్ జన్మించెను. అది ఆ కుటుంబమునకు సొంత ఊరు కాదు. తండ్రి జో, తల్లి మైరా ఊరూర తిరుగుచు, ఆటపాటలతో జనమును చేర్చి మందులమ్ము సంచారబృందమున కళాకారులగుటచే, ప్రసవవేళకు మజిలీ ఎచ్చట పడెనో అదియే బిడ్డకు జన్మస్థలమైనది. పసితనమున మెట్లమీదనుండి దొర్లిపడియు చెక్కుచెదరక లేచి కూర్చున్న బాలుని చూచి, ఇంద్రజాలికుడు హారీ హూడినీ ‘బస్టర్’ అను ముద్దుపేరు పెట్టెనని కీటన్ జీవితాంతము చెప్పుచుండెడివాడు. పరిశోధకులు ఈ కథను సంశయించినను, పేరు మాత్రము స్థిరపడినది.

ఐదేండ్లు నిండునాటికే బాలుడు తల్లిదండ్రులతో కూడ రంగస్థలమెక్కెను. ‘ముగ్గురు కీటన్లు’ అను పేర వారాడిన ప్రదర్శన మిక్కిలి కఠోరమైనది. అల్లరికొడుకును అదుపులో పెట్టజూచు తండ్రి కథ అది. కొడుకు చీపురుతో తండ్రిని బాదును. తండ్రి వానిని ఎత్తి వెనుక కట్టిన తెరల మీదికి, వాద్యగాండ్రు కూర్చుండు గుంటలోనికి, ఒక్కొకప్పుడు ప్రేక్షకుల నడుమకు సైతము విసరివేయును. విసరుటకు అనువుగా ఉండుటకై బాలుని కోటు వీపున, ప్రయాణపు పెట్టెకుండెడి పిడి నొకదానిని కుట్టియుంచిరి. బాలలను హింసనుండి కాపాడు సంఘమువారు పలుమారులు అడ్డుపడిరి; అధికారులు బాలుని బట్టలు విప్పించి, దేహమున గాయములేమైన ఉన్నవేమోనని పరీక్షించిరి. నేటి కంటితో చూచినచో అది పసివానిపట్ల అపచారమే, పొగడదగినది గాదు. అయినను ఆ అపచారమునుండియే ఆ బాలుడు రెండు విద్యలను గడించెను. మొదటిది పడుట. దేహమును బిగబట్టక వదలివేసి, నేల తాకు క్షణమున చేతినో కాలినో ముందుగా ఆనించి దెబ్బను చెదరగొట్టుట వానికి శ్వాసవలె సహజమైనది. రెండవది ముఖమును నిశ్చలముగా నుంచుకొనుట. విసరివేయబడిన పిల్లవాడు నవ్వినచో జనము నవ్వుట తగ్గునని, ఏమియు జరుగనట్లు గంభీరముగా లేచి నిలబడినచో ప్రదర్శనశాల దద్దరిల్లునని అనుభవముచేత వాడు గ్రహించెను. శాస్త్రములు చదివి నేర్చిన సూత్రము గాదిది. నిజమునకు ఆ బాలునికి బడిచదువే నామమాత్రము. రాత్రింబవళ్లు వేలమంది నవ్వును చెవులతో తూచి నేర్చిన విద్య.

తండ్రికి మద్యపానము ముదిరి, విసరు చేయి తడబడసాగినది. ఆ తడబాటు కొడుకు ప్రాణమునకు ముప్పని తల్లి గ్రహించెను. 1917లో, ఇరువదియొక్క యేండ్ల వయసున, కీటన్ ఆ బృందమును విడచి న్యూయార్కు చేరెను.

కెమెరాను విప్పి చూచిన యువకుడు

న్యూయార్కులో ఆయనకు రంగస్థల ప్రదర్శనమొకటి వారమునకు 250 డాలర్ల వేతనముతో సిద్ధముగా ఉండెను. ఆ సమయమున స్నేహితుడొకడు ఆయనను స్థూలకాయుడగు హాస్యనటుడు రాస్కో ఆర్బకిల్ పనిచేయు స్టూడియోకు తీసికొనిపోయెను. ఆర్బకిల్ ఆయనను నాడే కెమెరా ముందు నిలిపెను. ‘ది బుచర్ బాయ్’ అను ఆ చిన్నచిత్రములో పిండిబస్తా దెబ్బ తిని కూలుటతో కీటన్ చలనచిత్రజీవితమారంభమైనది. అయితే ఆయన మనస్సును దోచినది నటన గాదు, యంత్రము. ఆ సాయంకాలము కెమెరాను అడిగి బసకు తీసికొనిపోయి, భాగములు విప్పి, ఏ చక్రము దేనిని త్రిప్పుచున్నదో తెలిసికొని, మరల బిగించి ఉదయమునకు అప్పగించెనట. మరునాడే రంగస్థలపు ఒప్పందమును వదలుకొని, వారమునకు 40 డాలర్లకు సినిమాలో చేరెను. ఆదాయమును లెక్కింపక ఆసక్తిని అనుసరించిన ఆ నిర్ణయమే ప్రపంచ చలనచిత్రకళకు మేలు చేసినది.

1918లో సైన్యమునుండి పిలుపు వచ్చి ఆయన ఫ్రాన్సు దేశమున కొన్నినెలలు గడపెను. అచ్చటి చలిలో తడినేలలపై పరుండుటచే చెవికి వ్యాధి సోకి, వినికిడి కొంత శాశ్వతముగా తగ్గినది. తిరిగివచ్చిన పిమ్మట నిర్మాత జోసెఫ్ షెంక్ ఆయనకు స్వంత స్టూడియో నొకదానిని సమకూర్చెను. అది పూర్వము చాప్లిన్ పనిచేసిన ఆవరణయే. 1920 మొదలు 1923 వరకు అచ్చట పందొమ్మిది చిన్నచిత్రములు తయారైనవి. 1923 మొదలు పూర్తినిడివి చిత్రములు ఏటేట వెలువడినవి.

ఆయన రూపమున ప్రత్యేకత తెచ్చినది చదునుటోపి. అంగడిలో దొరకు మెత్తని టోపీని కొని, కత్తిరించి, పైభాగమును అణచి, వెచ్చని నీటిలో పంచదార కరగించి ఆ నీటితో అంచును తడిపి, శుభ్రమైన గట్టిబల్లపై ఆరబెట్టి బిరుసెక్కించుట ఆయన స్వయముగా చేసికొను పని. నీటిలో దూకుట, బురదలో దొర్లుట, గాలివానకు ఎదురేగుట నిత్యకృత్యములగుటచే ఒక్కొక్క చిత్రమునకు అట్టి టోపీలు అనేకము నాశనమగుచుండెడివి. మరల కొత్తవి సిద్ధమగుచుండెడివి. వేషములోని చిన్న వస్తువును సైతము పరుల చేతికి వదలని ఆ శ్రద్ధ ఆయన పనియందంతటను కాననగును.

కాగితము లేని రచన

ఆయన స్టూడియోలో పుటలు పుటలుగా వ్రాసికొన్న చిత్రకథ ఉండెడిది కాదు. క్లైడ్ బ్రక్మన్, జీన్ హావెజ్, జోసెఫ్ మిచెల్ మొదలగు సహరచయితలతో కూర్చుండి, కథకు ఆరంభమొకటి, ముగింపొకటి దొరకువరకు చర్చించుట, ఆ రెండును దొరికిన పిమ్మట నడిమిభాగము తనంత తానే సమకూరునని నమ్మి చిత్రీకరణమునకు బయలుదేరుట వారి పద్ధతి. నడుమ ఊహ తెగినచో పని ఆపి అందరును బేస్‌బాల్ ఆటకు దిగెడివారు. ఆటలో ఎవరికో ఒక ఆలోచన తట్టినచో బంతిని పారవైచి కెమెరా యొద్దకు పరుగెత్తెడివారు. కథను మాటలతో నడపుట ఆయనకు రుచింపదు. ఆనాటి సగటు మూకీచిత్రములో దృశ్యముల నడుమ చూపు మాటల పలకలు 240 వరకు ఉండగా, తాను అత్యధికముగా వాడినవి 56 మాత్రమేయని ఆయన చెప్పుకొనెను.

ఆ రచనాశక్తిని దగ్గరనుండి చూడదలచినవారు 1920లో వెలువడిన ‘వన్ వీక్’ను చూడవలెను. సుమారిరువది నిమిషముల చిత్రమది. నూతనదంపతులకు పెండ్లికానుకగా కొంత స్థలము, భాగములుగా విడదీసి పెట్టెలలో సర్దిన ఇల్లు ఒకటి లభించును. పెట్టెలపై వేసిన అంకెల వరుసను అనుసరించి బిగించినచో ఇల్లు నిలువవలెను. వధువును ఆశించి భంగపడిన వాడొకడు రహస్యముగా ఆ అంకెలను మార్చివేయును. వరుడు సూచనలను తూచ తప్పక పాటించి ఇల్లు కట్టును. గోడలు వంకరపోవును, మేడమీది తలుపు శూన్యములోనికి తెరచుకొనును. గాలివాన వచ్చినప్పుడు ఆ యిల్లు పునాదిపై రంగులరాట్నమువలె గిరగిర తిరుగును; లోపలికి పోజూచు యజమాని తిరుగుచున్న వాకిలిని గురిచూచి దూకి, గోడకు కొట్టుకొని వెనుకకు పడును. తుదకు తెలియవచ్చునదేమనగా, ఇల్లు కట్టిన స్థలము తమది గాదు. రైలుపట్టాల ఆవలిది తమది. ఇంటిని దొర్లించుకొని పోవుచుండగా అది పట్టాల నడుమ చిక్కుకొనును. రైలు కూతపెట్టుచు వచ్చును. భార్యాభర్తలిద్దరును కన్నులు మూసికొందురు. రైలు ప్రక్కపట్టాలమీదుగా సాగిపోవును, ఇల్లు చెక్కుచెదరదు. వారు ఊపిరి పీల్చుకొందురు, మనమును పీల్చుకొందుము. ఆ క్షణముననే రెండవదిక్కునుండి మరియొక రైలు వచ్చి ఇంటిని నుగ్గుచేసి పోవును. భర్త ఆ శిథిలములపై అమ్మకపు పలకను నిలిపి, దానికి ఇల్లుకట్టు సూచనల కాగితమును తగిలించి, భార్య చేయిపట్టుకొని వెడలిపోవును.

రచయితయగువాడు ఈ రెండవ రైలును ధ్యానింపవలెను. మొదటి రైలే ఇంటిని కూల్చినచో అది వట్టి ప్రమాదము. తప్పిపోయిన ఆపద మనలను ఏమరపాటున పడవైచి, ఆ ఏమరపాటును రెండవ ఆపద వినియోగించుకొనుటలో హాస్యము పుట్టినది. ప్రేక్షకుని మనస్సును ఇంత సూక్ష్మముగా ఎరిగి, ఒక్క మాటయైన లేకుండ దానిని నడపగలుగుట సామాన్యమైన రచన గాదు. అన్నిటికంటె గొప్పసంగతి, ఇల్లు పోయినను చేయిపట్టు సడలకపోవుట. ఈ నవ్వు నడుమ దాంపత్యమును గూర్చిన గంభీరవాక్యమొకటి నిలిచియున్నది.

ప్రేక్షకుని నవ్వును సైతము ఆయన తన సహరచయితగా ఎంచెను. ‘సెవెన్ ఛాన్సెస్’ చిత్రమును 1925లో విడుదలకు ముందు పరీక్షార్థము ప్రదర్శించినప్పుడు, పెండ్లికూతుండ్ర గుంపు తరుముచుండగా నాయకుడు కొండవాలున పరుగెత్తు ఘట్టము చప్పగా ఉండెను. కాని అతని కాలుతగిలి కదలిన రెండుమూడు రాళ్లు వెంటబడి దొర్లినచోట మాత్రము జనములో కలకలము పుట్టినది. ఆ కలకలమును కీటన్ పట్టుకొనెను. వెంటనే తిరిగిపోయి, కాగితపు గుజ్జుతో చిన్నవియు పెద్దవియు, మనిషిని మించినవియునగు నకిలీ బండలను పెక్కింటిని చేయించి, ఆ కొండవాలున దొర్లించి, వానినడుమ తాను పరుగెత్తెను. నేడా చిత్రము పేరు చెప్పగనే ఎవరికైన జ్ఞప్తికి వచ్చునది ఆ బండల వర్షమే.

వంచన లేని కెమెరా

దర్శకుడుగా ఆయన పాటించిన ధర్మము ఒక్కమాటలో చెప్పవచ్చును: జరిగినది జరిగినట్లు కనబడవలెను. పడినవాడు నిజముగా పడెనని ప్రేక్షకుడు నమ్మవలెనన్నచో, పడుటకు ముందును, పడునపుడును, పడిన పిమ్మటను దృశ్యము తెగరాదు. తలనుండి పాదములవరకు దేహమంతయు, దాని చుట్టునున్న లోకమంతయు తెరపై కనబడవలెను. అందుచే ఆయన ముఖమును దగ్గరగా చూపుటను తగ్గించి, కెమెరాను దూరమున నిలిపి, ఘట్టమును ఏకధారగా చిత్రించెను. పూర్తినిడివి చిత్రములకు వచ్చిన పిమ్మట అసంభవములగు చమత్కారములను సైతము మానివేసెను. ప్రేక్షకుడు కథను నమ్మనిచో కథానాయకుని కష్టమును నమ్మడని ఆయన విశ్వాసము.

అసంభవమునకు ఆయన ఇచ్చిన అనుమతి ఒక్కటే, స్వప్నము. 1924 నాటి ‘షెర్లాక్ జూనియర్’లో కథానాయకుడు సినిమాహాలు ఆపరేటరు. యంత్రము ప్రక్కన నిద్రించి, కలలో హాలు నడుమగా నడచిపోయి తెరలోనికి ప్రవేశించును. ప్రవేశించిన పిమ్మట అతడు అచ్చటనే ఉండగా చుట్టునున్న దృశ్యములు మారుచుండును. తోటలోని బల్లపై కూర్చుండబోవునంతలో అది నడివీథి యగును. కొండచరియ, సింహముల నడుమ చోటు, ఎడారి ఒకదానివెంట ఒకటి వచ్చును. సముద్రమధ్యమున శిలపైనుండి నీటిలోనికి దూకునంతలో మంచుకుప్పలో తలక్రిందుగా కూరుకొనిపోవును. ఒక దృశ్యమున ఆయన దేహమెచ్చట నున్నదో తరువాతి దృశ్యమున వెంట్రుకవాసి తేడాలేకుండ అచ్చటనే ఉండవలెను. దానికై ఛాయాగ్రాహకుడు ఎల్జిన్ లెస్లీ భూమిని కొలుచు సర్వేయర్ల పనిముట్లతో కెమెరాకును నటునకును నడుమనున్న దూరమును, కోణమును కొలిచి గుర్తుపెట్టుకొనెను. ఆ చిత్రములోనే రైలింజనులకు నీరునింపు గొట్టమును పట్టుకొని వ్రేలాడిన కీటన్, పైనుండి పడిన నీటిధాటికి పట్టాలపై పడి మెడకు దెబ్బ తినెను. తలనొప్పి కొన్నాళ్లు బాధించినను పని సాగించెను. ఎన్నో సంవత్సరముల పిమ్మట మరియొక పనికై తీసిన ఎక్స్‌రేలో, ఆనాడు మెడయెముక విరిగి అతుకుకొన్నదని వైద్యుడు కనుగొనెను.

1928 నాటి ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’లోని ఘట్టము లోకప్రసిద్ధము. కాలిఫోర్నియాలోని శాక్రమెంటో నదీతీరమున ఊరినే నిర్మించి చిత్రించిరి. ముగింపున వరద రావలెనని మొదటి సంకల్పము. 1927లో మిసిసిపీ వరద ప్రజలను ముంచెత్తినందున, ఆ దుఃఖము పచ్చిగా నున్నపుడు వరదను చూపి నవ్వించుట తగదని, దానిని సుడిగాలిగా మార్చిరి. ఆ సుడిగాలిలో దిగ్భ్రాంతుడై నిలిచిన నాయకునిపై రెండంతస్తుల ఇంటి ముందుగోడ సమూలముగా కూలును. మీది కిటికీ అతని తలకు సరిగా అమరుటచే అతడు బ్రతుకును. ఆ గోడ సుమారు రెండు టన్నుల బరువైన నిజమైన గోడ. కిటికీ చట్రమునకును ఆయన దేహమునకును నడుమ కొద్ది అంగుళముల ఎడము మాత్రమే. పాదములుంచవలసిన చోట గుర్తుపెట్టుకొని ఆయన నిలిచెను; సిబ్బందిలో కొందరు చూడలేక మొగము త్రిప్పుకొనిరి. ఒక్కసారి చిత్రించిరి, అది చాలినది. వట్టి సాహసమనుకొన్నచో ఆయనను మనమెరుగనట్లే. గోడ బరువును, కూలు వేగమును, కిటికీ కొలతను ముందుగా లెక్కకట్టిన నిర్మాణకుశలుని నిబ్బరమది. ఆ లెక్క చేసినవారిలో ఆయన సాంకేతికదర్శకుడు ఫ్రెడ్ గబూరీ ముఖ్యుడు.

ఇంతచేసియు కీర్తిని ఒంటరిగా అనుభవింపవలెనను కోరిక ఆయనకు లేదు. తన చిత్రములలో పెక్కింట ఎడ్డీ క్లైన్, క్లైడ్ బ్రక్మన్ వంటి సహచరుల పేళ్లను దర్శకులుగా తన పేరు ప్రక్కన నిలిపెను. కొన్నింట తన పేరును వేసికొననేలేదు.

రైలుబండి మహాకావ్యము

1926లో తీసిన ‘ది జనరల్’ ఆయన సృష్టికి శిఖరము. అమెరికా అంతర్యుద్ధకాలమున 1862 ఏప్రిలులో ఉత్తరపక్షపు గూఢచారులు జార్జియాలో ‘జనరల్’ అను రైలింజనును అపహరింపగా, దక్షిణాదివారు వెంటాడి పట్టుకొన్న యథార్థగాథ దీనికాధారము. కీటన్ ఆ యింజను డ్రైవరుగా నటించెను. ఆనాటివంటి పట్టాలు ఆరెగాన్ రాష్ట్రమునందలి కాటేజ్ గ్రోవ్ ప్రాంతమున ఉన్నవని తెలిసి, ఇంజనులను, ఫిరంగులను, సామగ్రిని అచ్చటికి తరలించెను. ఆ రాష్ట్రపు రక్షకదళమువారే ఇరుపక్షముల సైనికులుగా నటించిరి.

ఇందు ప్రతి చమత్కారమును ఇంజను స్వభావమునుండి పుట్టినది. శత్రువులు పట్టాలపై పడవైచిన దుంగలను తొలగించుటకై నాయకుడు ఇంజను ముందరి ఇనుపకటకటాపై కూర్చుండి, బరువైన దుంగ నొకదానిని ఒడిలో మోసికొని పోవుచుండును. ఎదుట మరియొక దుంగ పట్టాలకు అడ్డముగా, ఒక కొన బయటికి చాచుకొని పడియుండును. తన చేతిలోని దుంగను ఆ కొనపై సరిగా విసరివేయగా, అది ఎగిరి ప్రక్కకు పడును. రెండు ఆటంకములును ఒక్క విసరుతో తొలగును. బండి కదలుచుండగా ఒక్క ప్రయత్నమున జరుగవలసిన పని యిది. గురి తప్పినచో ప్రాణాపాయము. మరియొకచోట ప్రేయసి తిరస్కారమునకు ఖిన్నుడై ఇంజను చక్రములను కలుపు కడ్డీపై కూర్చుండును. ఇంజను కదలును, కడ్డీతోపాటు ఆయనయు పైకి క్రిందికి లేచుచు దిగుచు షెడ్డులోనికి సాగిపోవును. దుఃఖమగ్నుడగుటచే ఆ సంగతి ఆయనకు చాలసేపు తెలియదు. చక్రము జారి గిర్రున తిరిగినచో నటుని ప్రాణము దక్కెడిది కాదు. విషాదమును హాస్యమును ఒకే చిత్రములో ఇంతకంటె అందముగా కలిపిన దృశ్యము దుర్లభము.

కాలుచున్న వంతెనపైనుండి నిజమైన రైలింజను నదిలో కూలు ఘట్టము మూకీయుగమున మిక్కిలి వ్యయమైన దృశ్యములలో ఒకటి. ఆ యింజను శిథిలము రౌ నదిలో ఏండ్లతరబడి పడియుండి, రెండవ ప్రపంచయుద్ధకాలమున తుక్కుయినుముగా తరలిపోయినది. చిత్రమునకు సుమారేడున్నర లక్షల డాలర్లు వ్యయమైనవి; అమెరికాలో వసూళ్లు ఆ మొత్తమును అందుకొనలేదు. నాటి విమర్శకులలో పలువురు దీనిని నీరసమనిరి. బానిసత్వమును నిలుపుటకై పోరిన పక్షమును నాయకపక్షముగా చేయుట ఈ చిత్రమున కాదనలేని లోపము. ఆయన కొన్ని చిత్రములలో నల్లజాతివారిని హాస్యమునకు గురిచేసిన ఘట్టములును నేడు చూచుటకు బాధ కలిగించును. కళను గౌరవించువారు ఈ మాటను దాచరాదు. అయినను చలనమును, కథను, స్థలమును ఇంతగా ఏకము చేసిన చిత్రము ఆ కాలమున మరియొకటి లేదని చెప్పుటకు సందేహింపనక్కరలేదు. 1989లో అమెరికా జాతీయ చలనచిత్రపట్టికను ఆరంభించినప్పుడు మొదట ఎంపికైన ఇరువదియైదు చిత్రములలో ‘ది జనరల్’ ఒకటి.

పరాధీనత

‘ది జనరల్’ నష్టము ఫలితముగా 1928లో, షెంక్ సలహాపై, కీటన్ తన స్టూడియోను వదలుకొని మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థలో జీతగాడుగా చేరెను. చేరవలదని చాప్లిన్, హెరాల్డ్ లాయిడ్ ఇద్దరును హెచ్చరించిరి. జీవితమున తాను చేసిన పెద్దతప్పు అదియేయని ఆయన పిమ్మట తన ఆత్మకథలో చెప్పుకొనెను. అచ్చట తీసిన మొదటిచిత్రము ‘ది కెమెరామన్’ చక్కగానే వచ్చినది. ఆ పిమ్మట కథను వేరొకరు వ్రాయవలెను, చమత్కారములను ముందుగా కాగితముపై చూపి అనుమతి పొందవలెను, దర్శకుని వేరొకరు నియమింపవలెను అను కట్టుబాట్లు బిగిసినవి. దేహముతో ఆలోచించువానికి కాగితముపై అనుమతి ఎట్లు లభించును? టాకీలు వచ్చిన పిమ్మట ఆయనచేత మాటలపోకడల హాస్యము చేయించిరి. జిమ్మీ డురాంటే అను వాచాలుడగు నటునితో జోడించిరి. ఆ చిత్రములు ఆయన స్వంతచిత్రములకంటె అధికముగా ధనమును ఆర్జించుట విచారింపదగిన విషయము. లాభము చూచి సంస్థ తన మార్గమే సరియైనదని నమ్మినది.

శబ్దము వచ్చుటచే కీటన్ పతనమయ్యెనని పలువురు వ్రాసిరి, ఇది పొరపాటు. ఆయన కంఠము బాగుగనే ఉండెను, రంగస్థలమున పెరిగినవానికి మాట కొత్తగాదు. ఆయనను కూల్చినది శబ్దము గాదు, స్వాతంత్ర్యనాశము. దానితోపాటు మద్యపానము ముదిరినది. 1932లో భార్య నటాలీ టాల్మెజ్ విడాకులు పుచ్చుకొనెను, కుమారులిద్దరి ఇంటిపేరును మార్చివేసెను. 1933లో సంస్థ ఆయనను తొలగించెను. అంతటి కళాకారుడు ఆ పిమ్మట చౌకచిత్రములలో నటించి పొట్టపోసికొనవలసివచ్చినది. తనను తొలగించిన సంస్థలోనే స్వల్పవేతనమునకు చేరి, మార్క్స్ సోదరులకు, రెడ్ స్కెల్టన్‌కు చమత్కారములను సమకూర్చవలసివచ్చినది. ఆ పనిని ఆయన మూలుగక, ఎవరిని నిందింపక చేసెను.

పునరుదయము

1940లో ఎలినార్ నారిస్ అను నర్తకిని వివాహమాడుటతో ఆయన జీవితము కుదుటబడినది; తుదివరకు ఆమె ఆయనకు అండగా నిలిచినది. 1947లో ప్యారిస్ నగరమందలి మెడ్రానో సర్కసులో ఆయన ప్రదర్శనలను ఫ్రెంచి జనము ఆదరించినది. 1949లో జేమ్స్ ఏజీ అను విమర్శకుడు ‘లైఫ్’ పత్రికలో మూకీయుగపు హాస్యమును గూర్చి వ్రాసిన వ్యాసము కొత్తతరమునకు కీటన్‌ను గుర్తుచేసినది. 1952 నాటి ‘లైమ్‌లైట్’లో చాప్లిన్, కీటన్ ఇద్దరును ఒకే రంగస్థలముపై కనబడిరి.

అటుపిమ్మట దైవానుకూలత వంటిది జరిగినది. కీటన్ ఒకప్పుడు నివసించిన భవనమును నటుడు జేమ్స్ మేసన్ కొనగా, ఆవరణలోని గదిలో మరుగుపడిన పాతచిత్రముల ప్రతులు దొరకినవి. నైట్రేటు ఫిలిము కాలముతో కరగి పొడియగునది. మరికొంతకాలము గడచినచో ఏమయ్యెడివో. వానిని, ఇతరత్ర దొరకిన ప్రతులను కాపాడి, కొత్తప్రతులు తీయించి లోకమునకు చూపుటలో ప్రదర్శకుడు రేమండ్ రోహవర్ శ్రమించెను. 1960లో ఆస్కార్ గౌరవపురస్కారము వచ్చినది. నాటకకర్త శామ్యూల్ బెకెట్ రచించిన ‘ఫిల్మ్’ అను లఘుచిత్రమున నటించెను. కెనడా జాతీయ చలనచిత్రసంస్థవారి ‘ది రైల్‌రాడర్’లో చిన్న పట్టాలబండిపై ఆ దేశమును అడ్డముగా దాటెను. 1965లో వెనిస్ చిత్రోత్సవమున ప్రేక్షకులు లేచి నిలిచి ఆయనకు జేజేలు పలికిరి. మరుసటియేడు, 1966 ఫిబ్రవరి 1వ తేదీన, కాలిఫోర్నియాలోని తన యింట ఆయన కన్నుమూసెను. రెండు దశాబ్దముల పిమ్మట హాంకాంగు నటదర్శకుడు జాకీ చాన్ తన ‘ప్రాజెక్ట్ ఎ’ రెండవభాగమున ఆ కూలు గోడక్రింద తాను నిలిచి గురుదక్షిణ చెల్లించెను.

మనకు చెందిన ఆస్తి

గురజాడ, చిలకమర్తి మొదలు ముళ్లపూడి, జంధ్యాల వరకు మన హాస్యసంపద ప్రధానముగా మాటల సంపద. అది మనకు గర్వకారణమే. అయితే మాట ఒక్కటి లేకుండ, దేహమును, వస్తువును, కొలతను, కాలమును మాత్రమే పనిముట్లుగా చేసికొని నవ్వును నిర్మించు విద్య మన తెరకు ఇంకను తక్కువ. కీటన్ వద్ద నేర్వదగినది ఆయన పడుపద్ధతి గాదు. అట్లు పడుట వేరొకరికి సాధ్యము గాదు, సాధింపజూచుట శ్రేయస్కరమును గాదు. నేర్వదగినది ప్రేక్షకుని మోసగింపరాదను నియమము. హాస్యచిత్రములు తీయు నిర్మాతలకు చెప్పవలసినది మరియొకటి కలదు: ఊహించువాడు, చేయువాడు, చూపువాడు ఒక్కడే అయినపుడు వాని పనినుండి వానిని విడదీయకుడు, కాగితముపై లేదని ఊహను త్రోసిపుచ్చకుడు, లాభపుపట్టికను చూచి కళకు తీర్పు చెప్పకుడు.

ఇక పాఠకమహాశయులకు మనవి. 1928 వరకు వెలువడిన కీటన్ చిత్రములు నేడు అమెరికా చట్టము ననుసరించి ప్రజల ఉమ్మడి ఆస్తి. ఇంటర్నెట్టులో రుసుము లేకుండ లభించుచున్నవి. మాటలు స్వల్పమగుటచే వానిని చూచుటకు ఆంగ్లము రానక్కరలేదు. ఆరేండ్ల పిల్లవానికిని, అరువదియేండ్ల తాతకును అవి ఒక్కటే విధముగా బోధపడును. ఈ ఆదివారము పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని మొదట ‘వన్ వీక్’ చూడుడు. పిమ్మట ముప్పాతిక గంటలో ముగియు ‘షెర్లాక్ జూనియర్’. ఆ తరువాత ‘ది జనరల్’. ఈ మూడింటిని చూచినవారికి ఆ మహాకళాకారుని గూర్చి వేరొకరు చెప్పవలసిన పని ఉండదు.